మా ఊరి పక్కన గోదావరి

తెలుగు భాషా దినోత్సవం వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి ఏ నెంబరు కాగితానికి వచ్చిందో మీకందరికీ తెలుసు. ప్రార్థనలో చదివి వినిపించినారు, అందరూ చప్పట్లు కొట్టినారు, స్టీలు టిఫిను డబ్బా ఇచ్చినారు. ఆ డబ్బా మీద నాకు కోపం లేదు. దాన్ని అందుకున్న తమ్ముడి మీద అంతకన్నా లేదు. వాడు బాగా చదివే పిల్లవాడు, ముత్యాల్లాగా రాస్తాడు. నేను విమర్శించబోయేది వ్యాసాలను కొంచెం, వాటిని దిద్దిన న్యాయనిర్ణేతలను ఎక్కువ. ఆ ముగ్గురిలో నేనూ ఒకణ్ణి కాబట్టి లోపలి సంగతి తెలుసు.

ముగ్గురంటే, ఒకరు పెద్దసారు. ఆయన రిటైరై చాలా ఏండ్లయింది. అయినా పోటీ అంటే చాలు, ఇస్త్రీ పంచె కట్టుకుని, జేబులో రెండు ఎర్ర పెన్నులు పెట్టుకుని వస్తారు. రెండోది ఎందుకు సార్ అంటే, మొదటిది అయిపోతుంది కదయ్యా అంటారు. రెండో న్యాయనిర్ణేత లెక్కల మేడం. మూడో మనిషి పన్నెండో తరగతి చదువుతున్న నేను. తెలుగు అయ్యవారి చోటు ఖాళీగా ఉండబట్టి నాకు ఈ గౌరవం దక్కింది. పోటీలో రాసే వయసు దాటిపోయింది, దిద్దే వయసు రాలేదు, మధ్యలో పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టినారు.

పోటీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా. అంశం 'మా ఊరు'. సమయం 45 నిమిషాలు. వచ్చిన కాగితాలు 38. పేరు రాయకూడదు, నెంబరు మాత్రమే వెయ్యాల. ఇంత చిన్న బడిలో చేతిరాత చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది గానీ నేను కూడా నెంబర్లతోనే చెప్తాను.

మార్కుల పట్టీ పెద్దసారు తయారుచేసి తెచ్చినారు. ఉపోద్ఘాతానికి 3, విషయానికి 8, ముగింపుకు 3, భాషకు 5, అక్షరదోషాలు లేకపోతే 3, చేతిరాతకు 3. మొత్తం 25. చూడడానికి చక్కగా ఉంది. లెక్కల మేడం రెండుసార్లు కూడి చూసి, సరిపోయింది అన్నారు. ఆ రోజు మా ముగ్గురికీ ఏ తగవూ లేకుండా సరిపోయింది అదొక్కటే.

దిద్దడం మొదలుపెట్టినాం. మొదటి కాగితం మొదటి వాక్యం: 'పల్లెలు దేశానికి పట్టుగొమ్మలు.' బాగుంది అనుకున్నా. రెండో కాగితం: 'పల్లెలు దేశానికి పట్టుగొమ్మలు.' సరే, పక్కపక్కన కూర్చున్నారేమో. మూడోది, నాలుగోది, అయిదోది కూడా అదే. 38 కాగితాల్లో 29 ఆ కొమ్మనే పట్టుకుని వేలాడుతున్నాయి. లెక్కల మేడం తన సౌకర్యానికి పక్కన 'ప.దే.ప.' అని చిన్న గుర్తు వేసుకుంటూ పోయినారు. పెద్దసారు మాత్రం ప్రతి ఉపోద్ఘాతానికీ మూడుకు మూడు వేసినారు. మంచి వాక్యం ఎన్నిసార్లు విన్నా మంచి వాక్యమే అని ఆయన అభిప్రాయం.

తరువాత 19 మంది గురజాడ వారి దేశభక్తి గేయం నుంచి రెండు పాదాలు ఎత్తి రాసినారు. ఊరి గురించి చెప్పమంటే దేశం గురించి చెప్పినారు, పోనీ అనుకుందాం. కానీ ఆ తరువాత 14 కాగితాల్లో గోదావరి వచ్చింది.

మనది హోసూరు. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలే మన బడిలో ఉండేది. ఇక్కడి నుంచి గోదావరి ఒడ్డుకు దారెంట పోవాలంటే ఏడెనిమిది వందల కిలోమీటర్లు. ఆ నది మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్య్రంబకంలో పుట్టి, తెలంగాణ, ఆంధ్ర మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది గానీ, హోసూరు తాలూకాలోకి తొంగి కూడా చూడదు. అట్లాంటిది 14 మంది ఊళ్ళ పక్కన గలగలా పారింది. ఒకరింటి ముందర పడవ. ఇంకొకరింటి వెనక కొబ్బరితోట, దాని వెనక కోనసీమ. ఒక పిల్లవాడు పుష్కరాల్లో తానమాడి కూడా వచ్చినాడు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడానికి పత్తేదారు అవసరం లేదు. ఒక కాగితంలో ముగింపు కూడా అయిపోయినాక అదే అందమైన చేతిరాతతో ఇట్లా ఉంది: 'గమనిక: విద్యార్థులు తమ ఊరి పేరు, జిల్లా పేరు మార్చి రాసుకోవలెను.' గైడును అంత భక్తిగా బట్టీ పట్టిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. విజయవాడలోనో, రాజమండ్రిలోనో కూర్చుని గైడు రాసినాయనకు గోదావరి కనిపించింది, ఆయన రాసినాడు. ఆయన తప్పేమీ లేదు. పాపం, ఊరి పేరు మార్చుకోమని కూడా చెప్పినాడు. నది పేరు మార్చుకోమనడం మరిచిపోయినాడు, అంతే.

మన దగ్గర నది లేదా? ఉంది. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు పక్కగా దిగి మన కెలవరపల్లి ఆనకట్టకు వస్తుంది. తమిళంలో తెన్‌పెణ్ణై అంటాము. వానలు బాగా పడి నీళ్ళు వదిలినప్పుడు ఆనకట్ట కింద తెల్లగా నురుగు లేస్తుంది. మనిషి ఎత్తు లేస్తుంది. గాలికి ముద్దలు ముద్దలుగా ఎగిరి రోడ్డు మీద పడుతుంది. పైనుంచి వచ్చే మురుగునీళ్ళు, ఫ్యాక్టరీల నీళ్ళు చేసే పని అది. టీవీలో కూడా చూపించినారు. మన బడిలో ఆ పక్క నుంచి వచ్చే పిల్లలు తక్కువేమీ లేరు. కానీ ఆ నురుగు ఒక్క కాగితంలో కూడా లేదు. తెలుగు వ్యాసంలో గోదావరికి చోటుంది, మన ఏటికి లేదు. నాకు మొదట నవ్వు వచ్చింది. పద్నాలుగో గోదావరి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

మొదటి బహుమతి వచ్చిన ఎనిమిదో నెంబరు కాగితం ఈ గోదావరి వ్యాసాల్లో అన్నిటికన్నా శుభ్రమైనది. దాన్ని నేను మూడుసార్లు చదివినాను. వాక్యాలకు వంక పెట్టలేము. ఒత్తులు, దీర్ఘాలు, అరసున్నలు తప్ప మిగతా సున్నలు అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. అంచు చుట్టూ స్కెచ్ పెన్నుతో రోజాపూల తీగ. తప్పు ఎక్కడుందంటే, ఆ ఊళ్ళో ఎవరూ ఏ పనీ చెయ్యరు. రైతులు ఉన్నారు, వాళ్ళు చిరునవ్వు నవ్వుతూ ఉంటారు. పక్షులు ఉన్నాయి, అవి పొద్దస్తమానం కిలకిలమంటూ ఉంటాయి. పొలాలు పచ్చని తివాచీ పరిచినట్టు ఉంటాయి, ఏం పంట అని మాత్రం అడగకూడదు. ఆ ఊళ్ళో ఎవరికీ అప్పు లేదు, కరెంటు పోదు, బస్సు సరైన సమయానికి వస్తుంది. చదివినాక నాకు అక్కడికి పోయి ఉండిపోవాలనిపించింది. కానీ బస్సు ఏ ఊరికి ఎక్కాలో అందులో లేదు.

ఎందుకు అట్లా రాసినాడు? వాడి ఊరు నాకు తెలుసు. వాళ్ళ నాయన టమోటా తోట వేస్తాడు. రేటు పడిపోయినప్పుడు కాయలు రోడ్డు పక్కన పారబోసి వచ్చిన రోజు వాడు బడిలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ సంగతి వ్యాసంలో రాయొచ్చునని వాడికి ఎవరూ చెప్పలేదు. వ్యాసమంటే పండక్కి వేసుకునే చొక్కా మాదిరి అనుకున్నాడు. ఇంట్లో ఉండే గుడ్డలు బీరువాలో పెట్టి, గైడులోని చొక్కా తొడుక్కుని వచ్చినాడు.

రెండో బహుమతి 31వ నెంబరుకు వచ్చింది. అది ఏనుగుల వ్యాసం. ఏటా రాగి చేను ఎన్ను తీసే కాలానికి బన్నేరుఘట్ట అడవి నుంచి జవళగిరి, డెంకణికోట మీదుగా సానమావు దాకా ఏనుగుల మంద దిగుతుంది కదా, ఆ రాత్రుల గురించి. మంచె మీద తాత, అవ్వ, మనవడు. చీకట్లో చేను కదులుతుంది. 'మా అవ్వ వినాయకా అని దండం పెడతా ఉంటుంది. మా తాత టపాకాయ వెలిగిస్తా ఉంటాడు.' ఈ రెండు వాక్యాలు చదివి పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వినారు. మేడం నాకోసారి చదవండి అని మళ్ళీ చదివించుకున్నారు. గాంధీని 'కాంది తాత' అని రాసినాడు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. 2006 చట్టం తరువాత తమిళం మనందరికీ తప్పనిసరి పాఠమే కాబట్టి, రెండు లిపులు నేర్చుకునే చేయి ఎప్పుడో ఒకసారి తడబడుతుంది. అది దిద్దితే పోతుంది. మేము ముగ్గురం సంతోషంగా ఒప్పుకున్న వ్యాసం అదొక్కటే. కానీ పొద్దున లేచి చూస్తే చేన్లో ఏమి మిగిలింది అనే చోట ఆ పిల్లవాడు 'ఏనుగు లద్దె' అని రాసినాడు. పెద్దసారు ఒక మార్కు కోసినారు.

"అచ్చ తెలుగు మాటే కదా సార్" అన్నాను.

"మాట తెలుగే అయ్యా. బహుమతి వ్యాసంలో లద్దె ఉండకూడదు" అన్నారు.

మొత్తం కూడితే ఎనిమిదో నెంబరుకు 75కు 59, ఏనుగుల వ్యాసానికి 58. ఆ లద్దె మార్కు కోయకుంటే ఇద్దరూ సమానం. డబ్బాలు రెండు కొనాల్సి వచ్చేది.

ఇక 23వ నెంబరు. దీనికి ఏ బహుమతీ రాలేదు. పెద్దసారు 9, మేడం 13, నేను 22 వేసినాం. ముగ్గురు మనుషులు ఒకే కాగితం చదివి ఇంత దూరం పోయినారంటే, చదివింది మూడు కాగితాలేమో అనిపిస్తుంది. నా మార్కులు ఎందుకు సరైనవో చెప్తాను, మీరే చూడండి.

ఆ వ్యాసం ఇట్లా మొదలవుతుంది: 'మా ఊరు దేశానికి పట్టుకొమ్మలు. మా ఇంట్లో కూడా పట్టుకొమ్మలు వుండాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పురుగులకి వేస్తాము.'

అర్థమైందా? పట్టుగొమ్మ అంటే పట్టుకుని నిలబడేదానికి ఆధారమైన కొమ్మ. ఆ పిల్లకు ఆ మాట అట్లా తెలియదు. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచుతారు. మల్బరీ కొమ్మలు కోసుకొచ్చి ఆకుతో సహా తట్టల మీద పరిచేస్తారు. కాబట్టి ఆరో తరగతి నుంచి వింటున్న ఆ వాక్యం పట్టు గురించేనని, దేశమంతా తమ ఇంటి పనిని మెచ్చుకుంటూ ఉందని అనుకునింది. పెద్దసారు అక్కడే పెన్ను కింద పెట్టి, తల పట్టుకున్నారు. నాకు మాత్రం, ఆ రోజు ఆ వాక్యం రాసిన 29 మందిలో దానికి ఏదో ఒక అర్థం ఉందని నమ్మింది ఈ పిల్ల ఒక్కతే అనిపించింది.

తరువాత రెండు పేజీలూ పురుగులే. చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగులు తెస్తారట. జ్వరమంటే ఒళ్ళు కాలడం కాదు, పాత పొర విడవడం. ఆ రోజు పురుగులు తినవు, కదలవు, సున్నం పొడి చల్లి ఊరికే ఉండాల. ఇంట్లో దోమల బత్తి వెలిగించకూడదు. బయటివాళ్ళు వస్తే కాళ్ళు కడుక్కుని రావాల, పొగాకు నమిలేవాళ్ళయితే అసలు రాకూడదు. 'మా పెద్దమామ అందుకే మా ఇంటికి రాడు.' నాలుగో జ్వరం లేచినాక రాత్రింబగళ్ళు తింటాయి. 'ఆ చప్పుడు వాన మాదిరి వుంటుంది. మా అవ్వ నిద్రలో లేచి మిద్దె మీద బట్టలు తీసేదానికి పోయింది.' గూళ్ళు కట్టేదానికి చంద్రికల మీదికి ఎత్తడం, గూళ్ళు మూటకట్టుకుని నాయన సంతకు పోవడం. 'రామనగరం పోతే రేటు ఎక్కువ. బస్సు చార్జీ తీసేస్తే తక్కువ.' ఇది చదివి లెక్కల మేడం ఆ పక్కన ఒక టిక్కు పెట్టినారు. అది భాషకు పెట్టిన టిక్కు కాదు.

"ఏమయ్యా, ఇది మా ఊరు మీద వ్యాసమా, పట్టుపరిశ్రమ శాఖ కరపత్రమా?" అని పెద్దసారు అడిగినారు.

"ఊరు చివర్లో వస్తుంది సార్, చదవండి" అన్నాను.

చివర్లో ఇట్లా ఉంది. రెండు ఇళ్ళవాళ్ళకూ చదివి వినిపించి, సరేనన్నాకే ఈ వాక్యాలు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: 'పక్క తోటలో రోజాకి మందు కొట్టినారు. గాలి మా పక్కకి కొట్టింది. ఆ ఆకు వేసినాము. పురుగులు తల ఎత్తి పచ్చగా కక్కినాయి. మా నాయన ఏమీ మాట్లాడలే. తట్టలన్నీ గుంతలో వేసి మూసినాడు. రోజా తోట వాళ్ళ పిల్ల నా బెంచీలోనే కూర్చుంటుంది. మేము మాట్లాడుకోము. మొన్న లెక్కల నోటు అడిగింది. ఇచ్చినాను.'

అక్కడ గంట కొట్టినారు. కాగితం తీసేసుకున్నారు.

ఊరంటే ఏమిటో చెప్పమంటే ఇంతకన్నా ఏమి చెప్పాల? ప్రేమికుల రోజుకు హోసూరు రోజాలు విమానమెక్కి పోతాయని మనమందరం గొప్పగా చెప్పుకుంటాం, 38 కాగితాల్లో 11 మంది రాసినారు కూడా. ఆ రోజాకు కొట్టిన మందు గట్టు దాటి ఏమి చేస్తుందో రాసింది ఈ పిల్ల ఒక్కతే. అట్లాగని రోజా తోట వాళ్ళను తిట్టలేదు. వాళ్ళూ బతకాల. ఒక గట్టుకు అటొకరు ఇటొకరు, వాళ్ళ పిల్లలు ఒకే బెంచీ. గోదావరి వ్యాసంలో 'మా ఊరి ప్రజలు ఐకమత్యంతో మెలగుతారు' అని ఒక వాక్యం ఉంది. దాని పక్కన ఈ లెక్కల నోటు పెట్టి చూడండి.

అయితే పెద్దసారు 9 మార్కులు ఊరికే వెయ్యలేదు. ఆయన చుట్టిన ఎర్ర సున్నలు నేను లెక్కపెట్టినాను. 26 ఉన్నాయి. వాటిలో పది నిజమైన తప్పులే. ఒత్తులు పోయినాయి, 'భారతదేశం' లోపల గాలి తీసేసి 'బారతదేశం' చేసింది. మిగతా పదహారు ఏమిటంటే, ఆ పిల్ల ఇంట్లో మాటలు. 'అమ్మ కసువూడ్చి' అని రాస్తే కసువుకు సున్న చుట్టి పైన 'చెత్త' అని రాసినారు. 'మడక' అంటే 'నాగలి' అన్నారు. 'అంగడి' అంటే అది తమిళమయ్యా అని కొట్టేసి పైన ఏమి రాసినారో తెలుసా? 'షాపు'!

నేను గ్రంథాలయంలో నుంచి బ్రౌన్ నిఘంటువు తెచ్చి ఆయన ముందర పెట్టినాను. కసవు ఉంది, మడక ఉంది, అంగడి ఉంది. అంగడి తమిళంలోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. మూడిళ్ళ ఉమ్మడి సొత్తు. పెద్దసారు నిఘంటువు మూసి, "బ్రౌన్ దొర వచ్చి పబ్లిక్ పరీక్ష దిద్దడు కదయ్యా" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి. ఈ పోటీ మనం పెట్టుకున్నది ఆగస్టు 29న. అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో పుట్టి, పర్లాకిమిడి బడిలో చరిత్ర పాఠం చెప్పిన అయ్యవారు ఆయన. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. అంటే ఆయనా మన మాదిరి అంచున నిలబడి తెలుగు చెప్పినవారే. సవరల భాష నేర్చుకుని వాళ్ళకు బడులు పెట్టినారు, నిఘంటువు రాసినారు. ఆయన జీవితంలో పెద్ద కొట్లాట దేని మీద జరిగిందో చూడండి. బడి పిల్లలు పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాల అనే దాని మీద! గ్రాంథికంలోనే రాయాలని జయంతి రామయ్య పంతులు గారి వంటి పండితులు ఒక పక్క, మనుషులు మాట్లాడే భాషలో రాయనివ్వండని గిడుగు, గురజాడ ఇంకొక పక్క. 1914లో గురజాడ వారు మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసి ఇచ్చినారు. అప్పుడు మన హోసూరు కూడా సేలం జిల్లాలో, అదే మద్రాసు రాజధానిలో ఉండింది. ఆ పెద్దాయన పేరు మీద బ్యానరు కట్టి, ఆ బ్యానరు కింద కూర్చుని మేము 'కసువు'కు మార్కు కోసినాం. గురజాడ గేయం రాసిన 19 మందికి మార్కులు కలిపినాం.

ఇది చెప్పినప్పుడు పెద్దసారు కోపం తెచ్చుకోలేదు. కొంతసేపు ఊరికే ఉండి ఒక మాట అన్నారు. దాన్ని దాచిపెడితే ఇది విమర్శ కాదు, కాబట్టి రాస్తున్నాను. "నువ్వు చెప్పేది నాకు తెలియదా? మా అమ్మ కూడా కసువే ఊడ్చింది. మన పిల్లలకు ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఒక తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు, సంతలో కన్నడం. పుస్తకం తెలుగు ఒక్కటే వీళ్ళను మిగతా తెలుగువాళ్ళతో కలిపే తాడు. అది కూడా వదులుకుంటే, రేపు గుంటూరువాడు వీళ్ళ ఉత్తరం చదివి ఇదేమి తెలుగు అని నవ్వుతాడు. నవ్వితే నేను ఓర్చుకోలేను."

దీనికి నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆయన భయం ఉత్తుత్తిది కాదు. మా అక్క పెండ్లికి వచ్చిన ఆ పక్క చుట్టాలు మా మాటలు విని నవ్విన సంగతి నాకు గుర్తే. కానీ ఒకటి అడగాలనిపిస్తుంది. గుంటూరాయన గోదావరి వ్యాసం చదివితే నవ్వడా? వాళ్ళ సొంత గైడు వాళ్ళకే తిరిగి పంపినట్టు ఉండదా? పట్టుపురుగుల వ్యాసం చదివితే, రెండు మాటలకు అర్థం అడుగుతాడేమో గానీ పక్కన పెట్టలేడు.

మా తమిళం టీచరు ఒకసారి కి. రాజనారాయణన్ గారి గురించి చెప్పినారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచేవల్ ఆయన ఊరు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. అక్కడి నల్లరేగడి పల్లెల మాటల్లోనే కథలు రాసినారు. పండితులకు ఆ మాటలు తెలియకపోతే ఊరుకోలేదు, వాటికి నిఘంటువే కట్టినారు. దక్షిణానికి వలస వచ్చిన తెలుగువాళ్ళ కథ చెప్పిన ఆయన నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తెలుగులో కూడా స.వెం. రమేశ్ గారి 'ప్రళయ కావేరి కథలు' ఉంది, పులికాటు సరస్సు చుట్టుపక్కల పలుకుబడితో రాసినది. పులికాటు మాట పుస్తకమైనప్పుడు హోసూరు మాట వ్యాసమైనా కాకూడదా?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ముగింపు గడి. ఎనిమిదో నెంబరు వ్యాసం చివర 'కావున మనమందరము మన గ్రామాభివృద్ధికి పాటుపడుట మన కర్తవ్యము' అని ఉంది. మూడుకు మూడు. నిజానికి 38లో 33 కాగితాలు మన కర్తవ్యంతోనే ముగిసినాయి. ఆ వాక్యం కింద ఇంకేమీ లేదు. ఎవరు పాటుపడాల, రేపు పొద్దున లేచి ఏమి చెయ్యాల అని ఎవరూ అడగలేదు. 23వ నెంబరు 'ఇచ్చినాను' అని ఆగిపోయింది. ముగింపు లేదు కాబట్టి పెద్దసారు సున్న, మేడం సున్న. నేను మూడు వేసినాను. ఆ పిల్ల గంట కొట్టినందువల్ల ఆగింది, నిజమే. ఇంకో అయిదు నిమిషాలు ఉండి ఉంటే ఆమె కూడా కర్తవ్యం రాసేసేదేమో. గంట కొట్టిన అటెండరు అన్నకు ఒక మార్కు వెయ్యాల.

అనుమతి అడిగేదానికి రెండు ఇళ్ళకూ పోయినానని చెప్పినాను కదా. పట్టుపురుగుల ఇంట్లో ఆ పిల్ల నాయన అంతా విని, "మార్కులు ఎన్ని వచ్చినాయి?" అని అడిగినాడు. చెప్పినాను. "ఇంత రాస్తే అంతేనా" అని నవ్వి, కాఫీ తాగి పొమ్మన్నాడు. రోజా తోట ఇంట్లో పెద్దాయన ముఖం ముడుచుకుని విన్నాడు. చివరికి ఒకే ఒక తప్పు పట్టినాడు. గాలి ఆ రోజు మామూలుగా వచ్చే పక్క నుంచి రాలేదు, తిరిగి కొట్టింది, అది కూడా రాసుకో అన్నాడు. రాసుకున్నాను. గోదావరి వ్యాసాలు పద్నాలుగూ ఊళ్ళన్నీ తిప్పి చదివినా, అట్లా లేచి ఇది ఇట్లా కాదు అనగలిగిన మనిషి ఒక్కడూ దొరకడు.

వచ్చే ఏడాది మార్కుల పట్టీలో రెండు మార్పులు అడుగుతున్నాను. ముగింపు గడి తీసేసి, ఆ మూడు మార్కులు 'మాకు ఇంతకు ముందు తెలియని సంగతి ఒకటైనా ఉందా' అనేదానికి ఇవ్వండి. ఇంటి మాటకు సున్న చుట్టే ముందర నిఘంటువు ఒకసారి తెరవండి. పెద్దసారు రెండోదానికి సరేనన్నారు. మొదటిదానికి చూద్దామయ్యా అన్నారు. లెక్కల మేడం అయితే మొత్తం 25 తగ్గకుంటే చాలు అన్నారు.

అంశం మాత్రం 'సమయపాలన' అని అప్పుడే అనుకుంటున్నారట. అది గైడులో 62వ పేజీ. మా తమ్ముడు చూసి చెప్పినాడు.